పెట్టె పిడులు

ఆ శుక్రవారం ఉదయం ఆరిన్ పెల్ పెట్టుకున్న పని చాలా చిన్నది. మంచం కింద ఉన్న తన ప్రయాణపు పెట్టెను జీనులు కుట్టే రీమర్ దుకాణానికి మోసుకెళ్ళాలి. దానికి రెండు పక్కలా ఉన్న తోలు పిడులను ఊడదీయించి, ఒక ఆటలాగుకు కుట్టించాలి. పదింటికల్లా మైదానం చేరాలి. అంతే. ఇందులో ఊరు ఊరంతా కళ్ళు తుడుచుకోవలసిందేమీ లేదు.

లాగుకు పిడులెందుకంటే, మర్నాడు గ్రాంట్లీ కాలేజీతో పోటీ. పేరుకు ఫుట్‌బాల్ అంటారు గాని, ఆ రోజుల్లో అది బంతిని చంకలో పెట్టుకుని మనుషుల గోడను బద్దలు కొట్టుకుపోయే ఆట. వెథర్‌బీ కాలేజీ జట్టులో అందరికంటే చిన్నవాడు లిండ్‌క్విస్ట్. తడిస్తే గాని నూటముప్ఫై పౌన్లు తూగడు. వాడి నడుముకు రెండు పిడులుంటే, ఇద్దరు దిట్టలు చెరొకటి పట్టుకుని, వాణ్ణి బంతితో సహా ఎదుటి వరుస మీదుగా బస్తా విసిరినట్టు విసిరెయ్యవచ్చు. ఇది ఆరిన్‌కు ఎవరో చెప్పిన ఎత్తు కాదు. తూర్పు రాష్ట్రాల కాలేజీలో తాను ఆడే రోజుల్లో, జట్టువాళ్ళు తన నడుంపట్టీ పట్టుకుని అలాగే విసిరేవారు. ఆ మూడేళ్ళలో పేరు మూడుసార్లు పత్రికకెక్కింది, ముక్కు రెండుసార్లు విరిగింది.

ఆట మానేశాక కోచ్ అయ్యాడు. అప్పట్లో కోచ్ బతుకు కోతల కూలీ బతుకే. సెప్టెంబరులో రమ్మంటారు, నవంబరులో ఆఖరి పోటీ కాగానే చేతులు కలిపి రైలెక్కిస్తారు. నాలుగేళ్ళలో నాలుగు ఊళ్ళయ్యాయి. ఏ ఊళ్ళోనైనా వీధికుక్కల పేర్లు తెలిసేసరికి రైలు వేళయ్యేది. ఈ హార్లన్ ఫాల్స్‌లో మాత్రం ఉండిపోవాలని అతనికి ప్రాణం కొట్టుకుంటోంది. రేపు గెలిస్తే కాలేజీ వచ్చే ఏడు కూడా ఉంచుకుంటుందేమో. ఓడితే ఆదివారం పొద్దున్న బండి.

నిరుడు గ్రాంట్లీవాళ్ళు వెథర్‌బీ సంకేతాలన్నీ ముందే సంపాదించి చావగొట్టారు. అందుకని పిడుల సంగతి రీమర్‌కు తప్ప ఇంకొక ప్రాణికి చెప్పకూడదని ఆరిన్ ఒట్టు పెట్టుకున్నాడు. చేసిన పొరపాటు అదే.

పెట్టెలోని బట్టలు మంచం మీద కుమ్మరించి, పైన దుప్పటి కప్పి, ఖాళీ పెట్టె భుజాన వేసుకుని మెట్లు దిగుతుంటే కింద మిసెస్ హాస్కెట్ ఎదురైంది. ఇంటి యజమానురాలు, డెబ్బై దాటిన విధవరాలు. పన్నెండేళ్ళలో అద్దెకున్నవాళ్ళు తొమ్మిదిమంది ఆ మెట్ల మీదుగానే పెట్టెలు దింపుకుని వెళ్ళిపోవడం చూసింది. అందరూ ఉత్తరం రాస్తామన్నవాళ్ళే. వచ్చింది ఒక్కటి. అందులో, గొడుగు మరిచిపోయాను, దయచేసి పంపండి అని ఉంది.

"పెట్టెతో ఎక్కడికి నాయనా?"

"చిన్న పనుందండీ."

"ఇంత పొద్దున్నే?"

"ఆలస్యమైతే దెబ్బ తింటాను. మీకు పుణ్యముంటుంది, ఎవరితోనూ అనకండి."

ముసలామె గుండెల్లో రాయి పడింది. వంటింట్లోకి వెళ్ళి, నాలుగు వేయించిన కోడికాళ్ళు, ఒక యాపిల్ పై ముక్క అట్టపెట్టెలో సర్ది తెచ్చింది.

"దారిలో తిను. మెడకు మఫ్లరు చుట్టుకో. కిటికీ పక్కన కూర్చోకు, బొగ్గునుసి కళ్ళలో పడుతుంది."

రీమర్ దుకాణం రైల్వే స్టేషన్ పక్కనే. పాపం, ఎంత జాగ్రత్త చెబుతోందో అనుకున్నాడు ఆరిన్. ఆమె అతని తల వంచి నుదుట ముద్దు పెట్టుకుంటే, పోటీకి దీవెన అనుకుని ఇంకా సంతోషించాడు.

మిసెస్ హాస్కెట్ మాట తప్పలేదు. ఎవరితోనూ అనలేదు. శుక్రవారం గనక చర్చి ఆడవాళ్ళ కుట్టుపని కూటమికి వెళ్ళి, ఒక మూల కూర్చుని ఏడ్చిందంతే. ఎందుకేడుస్తున్నావని పద్నాలుగుమంది అడిగితే, ఆమె మాత్రం ఏం చేస్తుంది?

రీమర్ పెట్టెను తిప్పి చూశాడు, లాగును తిప్పి చూశాడు, చివరికి ఆరిన్‌ను కూడా అలాగే చూశాడు.

"నలభై ఏళ్ళుగా గుర్రాలకు కుడుతున్నా అబ్బాయ్. ఏ గుర్రమూ ఇలాంటిది అడగలేదు."

"ఎవరికీ చెప్పకు మామా."

"చెబితే నాకు మతిపోయిందనుకుంటారు. పదకొండున్నరకి రా."

ఆరిన్ ఈల వేసుకుంటూ మైదానానికి చేరాడు. అక్కడ జట్టు వరుసలో లేదు. కంచె మీద చావింట్లో చుట్టాల్లా కూర్చుని ఉంది. కెప్టెన్ బర్డెట్ మేనత్త కుట్టుపని కూటమిలో మనిషి. అతను దున్నపోతంత కుర్రాడు, కానీ టోపీని చేతుల్లో నలుపుతున్నాడు.

"మాకు ముందే చెప్పాల్సింది సార్."

ఆరిన్ అతని చెయ్యి పట్టుకున్నాడు. "నీకెవరు చెప్పారు?"

"ఊరంతా అదే మాట."

"ఊరంతానా! గ్రాంట్లీవాళ్ళకి కూడా తెలిసిపోయిందా?"

"అయితే గ్రాంట్లీయేనన్న మాట!" అన్నాడు బర్డెట్ టోపీ నేలకేసి కొట్టి.

"మరింకెవరు? ఇదంతా వాళ్ళకోసమేగా!"

లిండ్‌క్విస్ట్ ముక్కు చీదుకుంటూ ముందుకొచ్చాడు. "నాకు ఎగరడం నేర్పింది మీరే కదా సార్. ఇంత పని చేస్తారా?"

"పిచ్చివాడా, నీకోసమే కదరా చేస్తున్నది! పదకొండున్నరకి స్టేషన్ దగ్గర పని ముగించుకుంటాను. రేపు మైదానంలో నా దెబ్బేమిటో చూద్దువుగాని. అప్పటిదాకా నోళ్ళు కుట్టేసుకోండి."

పదకొండుమందీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంత నిర్లజ్జగా ద్రోహం చేసేవాణ్ణి వాళ్ళు బైబిల్లో కూడా చూడలేదు. ఆరిన్ మాత్రం, రహస్యం బయటపడ్డా కుర్రాళ్ళు ఎంత గంభీరంగా ఉన్నారో అని మెచ్చుకున్నాడు.

పదకొండున్నరకు రీమర్ పని అద్భుతంగా చేసి ఉంచాడు. లాగును మేజాకు కట్టి ఎత్తితే మేజా లేచేంత గట్టిగా ఉన్నాయి పిడులు. లాగును పెట్టెలో దాచి తాళం వేశాక ఆరిన్‌కు తట్టింది, ఇప్పుడు పెట్టెకు పిడుల్లేవు. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా గుండెలకు హత్తుకుని బయలుదేరాడు. పది అడుగులు వేసేసరికి ఆకలి దంచేసింది. స్టేషన్ బెంచీ ఖాళీగా కనబడింది. పెట్టె పక్కన పెట్టుకుని, మఫ్లరు సర్దుకుని, కోడికాలు చేతిలోకి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే పన్నెండు గంటల బండి కూత వేసింది.

బండి వచ్చి ఆగింది గాని మళ్ళీ కదలలేదు. ఇంజను ముందు పట్టాల మీద వెథర్‌బీ జట్టు పదకొండుమందీ బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. వాళ్ళ వెనక రెండువందలమంది విద్యార్థులు. వాళ్ళ వెనక ఏ పాట వాయించాలో తెలియక కాలేజీ బ్యాండు. పక్కన కుట్టుపని కూటమి, చేతుల్లో సూదులతో సహా.

"లేవండ్రా! టపా బండిరా ఇది!" అని ఇంజను డ్రైవరు అరిచాడు.

"మా కోచ్‌ని దింపేదాకా లేవం!" అని బర్డెట్ అరిచాడు.

"ఏ కోచ్? నా బండిలో పందులూ ఉత్తరాలే ఉన్నాయి!"

ఎవరో వెళ్ళిపోతున్నారు కాబోలు, పాపం ఎంత అభిమానం అనుకుంటూ ఆరిన్ కోడికాలును నిండుగా కొరికాడు. అంతలో జనాన్ని చీల్చుకుంటూ కాలేజీ ప్రెసిడెంటు, రెవరెండ్ డాక్టర్ క్రోవెల్ రొప్పుతూ వచ్చి అతని ముందు నిలబడ్డారు. నిజానికి ఆయన జేబులో, ఈ కోచ్‌ను వచ్చే ఏడాదికి ఉంచనక్కరలేదన్న తీర్మానం ఆ ఉదయమే సంతకమై ఉంది. కాని మనం వద్దనుకున్న వస్తువు పక్కింటివాడు అడిగాడంటే దాని అందమే వేరు.

"మిస్టర్ పెల్! పోటీకి ముందురోజు! శత్రువు దగ్గరకు! మీకిది ధర్మంగా ఉందా?"

ఆరిన్ నోటి నిండా కోడి ఉంది. కాలేజీ ప్రెసిడెంటు ముందు నమలడం మర్యాద కాదు, ఉమ్మడం అంతకంటే కాదు. బుగ్గలు పొంగించుకుని గుడ్లప్పగించి చూశాడు.

"సరే. వచ్చే ఏడాది కూడా మీరే కోచ్. చాలా?"

ఆరిన్ కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి. మింగబోతే గొంతుకు అడ్డం పడింది. తల అటూ ఇటూ విదిలించాడు.

"చాలదా? రెండేళ్ళు!"

ఆరిన్ మొహం ఎర్రబడింది. ఇంజను ఆవిరి కక్కింది. బండి లోపల పందులు కూడా అరవసాగాయి.

"కోపం తెచ్చుకోకండి! మూడేళ్ళు! వ్యాయామ శాస్త్రంలో ఆచార్య పదవితో సహా! ఎవరక్కడ, కాగితం!"

స్టేషన్ మాస్టరు టెలిగ్రాం కాగితమిచ్చాడు. డాక్టర్ క్రోవెల్ దాన్ని, గోల విని దుకాణంలోంచి వచ్చిన రీమర్ వీపు మీద పరిచి గబగబా రాశారు. ఈ మనిషి మళ్ళీ జారిపోకూడదని ప్రతి సందూ బిగించి, సంతకం చేసి, కలం అందించారు. ఆరిన్ సంతకం చేశాడు. అప్పుడు మింగుడు పడింది.

"నేనెక్కడికీ వెళ్ళడం లేదండీ," అన్నాడు.

"ఇప్పుడెలా వెళతారు!" అన్నారు డాక్టర్ క్రోవెల్ విజయగర్వంతో. బ్యాండు దిక్కులదిరేలా మోగింది. బర్డెట్ వచ్చి కోచ్‌ను భుజానికెత్తుకున్నాడు. అసలేం జరిగిందో ఆరిన్‌కు ఆ భుజం మీద ఊగుతుండగా మెల్లగా బోధపడింది. నిజం చెప్పేద్దామనుకున్నాడు. కాని చెబితే పెట్టె తెరవాలి, పెట్టె తెరిస్తే లాగు చూపించాలి. రేపు చెబుదాం, గెలిచాక అందరూ నవ్వుతారు అనుకున్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి మిసెస్ హాస్కెట్ మెట్ల కింద గోడ పట్టుకుని నిలబడి ఉంది. జనం ముందు అతని దగ్గరకు వచ్చే ధైర్యం చాలక, స్టేషన్ నుంచి ముందే వచ్చేసింది.

"మూడేళ్ళు ఉంటానండీ," అన్నాడు ఆరిన్.

"అందరూ అలాగే అంటారు నాయనా," అని ఆమె కాఫీ పెట్టడానికి వెళ్ళింది. దాంట్లో చక్కెరకు బదులు ఉప్పు వేసింది. అతను ఆఖరి చుక్క దాకా తాగాడు.

శనివారం మైదానం కిటకిటలాడింది. గ్రాంట్లీ మొదట్లోనే గోడను పగలగొట్టుకుని ఆరు పాయింట్లు కొట్టింది. అప్పుడు ఆరిన్ బర్డెట్ వైపు చూసి, పొద్దున్న తలుపులు మూసి జట్టుకు నేర్పిన ఎత్తుకు తల ఊపాడు. బర్డెట్ ఒక పిడి, మరొక దిట్ట ఇంకొక పిడి. ఒకటి, రెండు, మూడు! లిండ్‌క్విస్ట్ గాలిలోకి లేచాడు. గ్రాంట్లీవాళ్ళు నోళ్ళు తెరుచుకుని పైకి చూస్తుండగా వాళ్ళ తలల మీదుగా కొంగలా ఎగిరి, గీతకవతల బంతితో దిగాడు. ఆరుకు ఆరు! టోపీలు ఆకాశానికెగిరాయి. డాక్టర్ క్రోవెల్ ఎవరో తెలియని పెద్దమనిషిని కౌగిలించుకున్నారు. మిసెస్ హాస్కెట్ బెంచీ ఎక్కేసింది.

ఆట ఇక రెండు నిమిషాలే ఉంది. మళ్ళీ అదే విసురు. కాని పిడి అన్న తరువాత ఎవరైనా పట్టుకోవచ్చు. ఈ ముక్క ఆరిన్‌కు తట్టలేదు, గ్రాంట్లీ జట్టులోని తాటిచెట్టంత కుర్రాడికి తట్టింది. గాలిలో వస్తున్న లిండ్‌క్విస్ట్‌ను రెండు పిడులూ పట్టుకుని అందుకున్నాడు. కింద పెట్టలేదు. ఊరికి వెళుతున్నవాడు సామాను పట్టుకున్నట్టు పట్టుకుని, వెథర్‌బీ గీతవైపు పరుగందుకున్నాడు. అతని చుట్టూ గ్రాంట్లీ జట్టంతా కోటగోడలా కమ్ముకుంది.

బంతి ఉన్నవాడు "డౌన్" అని ఒక్క కేక వేస్తే చాలు, ఆట అక్కడికక్కడే ఆగుతుంది. లిండ్‌క్విస్ట్ కేక వెయ్యడం లేదు. వెయ్యలేడు. ముక్కు విరగకుండా పెట్టుకున్న రబ్బరు తొడుగును పళ్ళతో కరిచిపట్టుకుని ఉన్నాడు. అది వదిలితే ముక్కు పోతుందని అతనికి నేర్పిందీ ఆరినే.

వదిలెయ్యమని ఆరిన్ అరవబోయాడు. గీత బయటి నుంచి కోచ్ నోరు విప్పితే నియమ భంగం. అంపైరు వేలు చూపించి నిలబడ్డాడు. ఆరిన్ తన ముక్కు చూపించాడు, నోరు చూపించాడు, చేతులూపాడు.

"సైగలు కూడా చెయ్యకూడదు!" అన్నాడు అంపైరు.

"ఉమ్మెయ్యరా తండ్రీ, ఉమ్మెయ్!" అని మిసెస్ హాస్కెట్ బెంచీ మీంచి కేకపెట్టింది. ఆ హోరులో అది మైదానం దాకా చేరలేదు. లిండ్‌క్విస్ట్ బంతిని గుండెకు హత్తుకుని, తొడుగు కరిచిపట్టి, వీపు ముందుగా వెథర్‌బీ గీత దాటాడు. సొంత గీత వెనక చిక్కినందుకు గ్రాంట్లీకి రెండు పాయింట్లు. ఎనిమిది, ఆరు. ఈల మోగింది.

పిడులు ఎక్కడివో అప్పుడు ఊరంతటికీ అర్థమైంది. కోచ్ పెట్టె ఎందుకు మోశాడో కూడా అర్థమైంది. కుట్టుపని కూటమి మిసెస్ హాస్కెట్ వైపు చూసింది. ఆమె మాత్రం ఓటమి సంగతి అడగలేదు. "అయితే నిజంగానే వెళ్ళడం లేదా?" అని ఆరిన్‌ను రెండుసార్లు అడిగింది.

ఆదివారం ప్రార్థన కాగానే డాక్టర్ క్రోవెల్ ఆమె ఇంటికి వచ్చారు. చేతిలో టెలిగ్రాం, మొహంలో అంతకు ముందెన్నడూ లేని వాత్సల్యం.

"మిస్టర్ పెల్, శుభవార్త! పిడులు కనిపెట్టిన కోచ్ తమకు కావాలని గ్రాంట్లీవాళ్ళు అడుగుతున్నారు. చాలా మంచి కాలేజీ. మూడుంపావుకు బండి ఉంది."

మిసెస్ హాస్కెట్ చేతిలో గిన్నె ఆగిపోయింది.

"ఎలా వెళ్ళనండీ?" అని ఆరిన్ జేబులోంచి మడత కాగితం తీసి వినయంగా అందించాడు. "మూడేళ్ళదాకా ఏ కారణం చేతనైనా నేను వెళ్ళకూడదు, కాలేజీ పంపకూడదు అని ఉంది. గెలుపోటములతో నిమిత్తం లేకుండా అని కూడా ఉంది."

"ఇంత మూర్ఖంగా ఎవరు రాశారు?"

"దస్తూరీ మీదేనండీ."

డాక్టర్ క్రోవెల్ కళ్ళజోడు పెట్టుకుని కాగితాన్ని రెండుసార్లు చదివారు. ముప్ఫై ఏళ్ళుగా కుర్రాళ్ళకు తర్కశాస్త్రం చెబుతున్న మనిషి గనక, అందులో సందన్నది ఎక్కడా లేదని అందరికంటే ముందు ఆయనకే తెలిసింది.