మొదటి కుర్చీ ఉపసంఘం

మొదట కూర్చున్నవాడు పెద్దవాడా, పెద్దవాడు కాబట్టే మొదట కూర్చుంటాడా అన్నది తేలేదాకా దేవుడు కాస్త ఓపిక పట్టక తప్పదు, అనుకున్నాడు గుమాస్తా, బల్ల చుట్టూ కుర్చీలు సర్దుతూ. వెయ్యేళ్ళ కిందట విడిపోయిన కథోలిక, ఆర్థడాక్స్ క్రైస్తవ సంఘాలను ఒకటి చేసే కమిటీలో అతని ఉద్యోగం అది. (దేవుడి ఓపిక విషయంలో ఇరుపక్షాలకూ భేదాభిప్రాయం లేదు.)

మొదట్లో పొడుగు బల్ల ఉండేది. దాని మొదట్లో పోపుగారి ప్రతినిధి కూర్చుంటే అధికారం ఒప్పుకున్నట్టవుతుందని ఆర్థడాక్స్ వారు లేచిపోయారు. గుండ్రటి బల్ల తెప్పించారు. గుండ్రటి బల్లకైనా తలుపుకి ఎదురుగా ఉన్నదే మొదటి చోటని మొదటి కుర్చీ ఉపసంఘం కనిపెట్టింది. గదికి నాలుగు వైపులా తలుపులు పెట్టించారు. ఇప్పుడు గాలికి ఐక్యతా ప్రకటన ఎగిరిపోతోంది.

"మా పోపుగారు మొదటివారని మీరూ ఒప్పుకున్నారుగా?" అన్నారు కథోలిక బిషప్పు.

"ఎప్పుడో ఒప్పుకున్నాం కదండీ," అన్నారు ఆర్థడాక్స్ బిషప్పు.

"మరి ఆయన మాట వింటారా?"

"వినకేం? శ్రద్ధగా వింటాం. విని, మేమంతా కూర్చుని ఆలోచించుకుంటాం."

"ఆలోచించుకున్నాక?"

"మానేస్తాం."

భోజనానికి లేవాలన్న ప్రతిపాదన ఏకగ్రీవంగా నెగ్గింది. ముందెవరు లేవాలన్నది ఉపసంఘానికి వెళ్ళింది.

గుమాస్తా ఆర్థడాక్స్. భార్య కథోలిక. ప్రతి ఆదివారం ఇంటికి తాళం వేసి కలిసే బయల్దేరతారు, సందు చివర చెరో దారీ పడతారు. ఒకరి చర్చిలో మరొకరు కూర్చోవచ్చు గాని, క్రీస్తు శరీరమని పంచే సత్ప్రసాదపు రొట్టె మాత్రం తీసుకోకూడదు. సోమవారం ఆమెకి గుండె ఆపరేషన్.

"ఈ ఒక్కసారికి ఇద్దరం కలిసి సత్ప్రసాదం తీసుకుందామండీ. మీ పెద్దాయన్ని అడగరాదూ?" అంది.

మాటలు కూడబలుక్కుని అడిగాడు. ఆర్థడాక్స్ బిషప్పు అతని భుజం మీద చెయ్యి వేశారు.

"నీ బాధ నాకు తెలీదా నాయనా? ఆ పోపుగారి అధికారం సంగతి కాస్త తేలనీ. అందాకా ఆపరేషన్ వాయిదా వేయించుకోకూడదూ?"

తన లోపలా ఒక గుండ్రటి బల్ల ఉన్నట్టు తోచింది గుమాస్తాకి. ఒక కుర్చీలో భయం, ఎదురు కుర్చీలో ఆమె మీది ప్రేమ. ముందు ఏది మాట్లాడాలో తేలక రెండూ మర్యాదగా ఊరుకున్నాయి.

ఆదివారం ఆమె తన దారిన మలుపు తిరిగింది. అతనూ ఆమె వెంటే తిరిగాడు. ఆమె నడక నెమ్మది చేసింది. ఆమె చర్చిలో పక్కపక్కనే కూర్చున్నారు. సత్ప్రసాదానికి వరస కదలగానే ఆమె లేచి అతని వైపు చూసింది.

అతను లేవలేదు. చెయ్యి చాపి ఆమె చేతిసంచీ అందుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

వెయ్యేళ్ళ ఐక్యతా యత్నాల్లో ఇంతకు మించిన ముందడుగు నేటివరకు నమోదు కాలేదు.