ఎనభై అయిదు మిల్లీమీటర్ల మహాసంగ్రామము

సకల పంఖాధ్వనులలో మిక్కిలి కర్ణకఠోరమైన కిర్రుకిర్రు ధ్వని ఎడతెగక మ్రోగుచుండు ఒకానొక అద్దెయింటి ముందుగదియందు, మధ్యాహ్నము మూడు గంటల శుభఘడియను గోడగడియారము అయిదు నిమిషములు ఆలస్యముగా ప్రకటించుచుండగా, నత్తల మందగమనమును మూడేండ్లు కొలిచి కొలిచి తోటివారిచేత ‘నత్తలమ్మ’ అను బిరుదమును కోరకయే పొందిన పరిశోధకురాలు, ప్లాస్టిక్ కుర్చీ అను సింహాసనమెక్కి, కంప్యూటరుకెదురుగా నడుము బిగించెను. వినుడు సహృదయులారా! పనులున్నను వినుడు.

ఆమెకు యుద్ధము తెచ్చిపెట్టినది ఒక పరిశోధన పత్రిక. ‘ఆరు గ్రాఫులు, ఆరింటికిని ఎనభై అయిదు మిల్లీమీటర్ల వెడల్పు, ఒకే సైజు అక్షరములు, టిఫ్ రకపు బొమ్మఫైళ్లు, సాయంత్రము అయిదింటిలోగా రానిచో మీ వ్యాసము ఈ సంచికలో నుండదు’ అని ఆజ్ఞాపించినది. మూడేండ్ల నత్తసేవ ఆ ఒక్క వాక్యముపై వేలాడుచుండెను. గ్రాఫులు అదివరకే రెండుమార్లు తిరిగివచ్చినవి. రెండవమారు ఆమె వాటిని మౌసుతో మూలలు పట్టి సాగదీయగా, గుండ్రని చుక్కలన్నియు కోలగా మారినవి. ‘ఇవి నత్తలా, కోడిగుడ్లా?’ అని సంపాదకుడు వ్రాసెను. ఆ మాటకు ఆమె ఒక పూట అన్నము మానెను.

ఈమారు సాగదీతను విసర్జించి, ఆరింటికిని వెడల్పు గడిలో ఎనభై అయిదు అని స్వహస్తములతో టైపుచేసి, ఊపిరి బిగబట్టి ఎక్స్‌పోర్ట్ మీట నొక్కెను. కొలిచి చూడగా మొదటిది ఎనభై ఒకటి, రెండవది డెబ్బై తొమ్మిది, మూడవది ఎనభై మూడు! తక్కినవి చెప్పుటకు కవికి నోరాడదు. అంతట ఆ క్రోధారుణలోచన కుర్చీ వెనుకకు తన్ని లేచి ఇట్లు గర్జించెను:

“ఓరీ కృతఘ్న గ్రాఫాధములారా! అడిగినదే తడవుగా అంకెలు మేపితిని, రంగులు పూసితిని! ఒక్క కొలతకు కట్టుబడలేని మీ బ్రతుకులేమి బ్రతుకులు?”

గదిమూల కుట్టుమిషను ఆగెను. టేపుకంఠాభరణ, కర్తరీహస్త, దర్జీకులధురంధర యగు ఆమె పిన్ని తలయెత్తెను.

“ఎవర్నే ఆ తిట్లు? ఇంటి ఓనరొచ్చాడా?”

“గ్రాఫుల్ని, పిన్నీ! అన్నిటికీ ఒకే కొలత ఇచ్చాను. బయటికొచ్చేసరికి ఒక్కోటీ ఒక్కోలా ఉంది.”

“నువ్వు కొలత ఇచ్చాక ఎవరో కత్తెర పెడుతున్నారు. చూసుకో.”

“కంప్యూటర్లో కత్తెరేంటి పిన్నీ, నీ పిచ్చి గానీ!”

అనుచునే చూచెను. వెడల్పు గడికి దిగువన, ‘ఖాళీ అంచులు కత్తిరించు’ అను చిన్న గడిలో, టిక్కు! మూడేండ్ల క్రిందట తానే పెట్టిన టిక్కు! ఎడమగీతపై అయిదంకెల సంఖ్యలున్న గ్రాఫు ప్రక్కన ఖాళీ తక్కువ, ఒక్క అంకె ఉన్నదాని ప్రక్కన ఎక్కువ. ఆ గుప్తఖడ్గము దేని ఖాళీని దానికి తగినట్లు తెగనరుకుచుండెను. ఆమెకు సిగ్గు ముంచుకొచ్చినది.

“నేనే పెట్టాను పిన్నీ. ఉత్త తెలుపే కదా, ఎందుకులే అని.”

“ఉత్తదేంటే? కుట్టుకి వదిలిన గుడ్డ కూడా కొలతలోదే. అది కోసేసి చొక్కా బిగుతైందంటే తప్పెవరిది? దర్జీది!”

నాలుగు గంటల నలభై ఎనిమిది నిమిషములు. టిక్కు నేలకూలెను. ఎక్స్‌పోర్ట్ మీట మరల మ్రోగెను. మొదటిది ఎనభై అయిదు. రెండవది ఎనభై అయిదు. అయిదవదానివరకును అదే జయధ్వానము. ఆరవది ఎనభై మూడు! ఆమె కళ్లలో నీళ్లు తిరిగెను. ఫైలు తేదీ చూచెను. తాను కొలిచినది నిన్నటి ఫైలు. కొత్తది దాని ప్రక్కనే, ఎనభై అయిదు మిల్లీమీటర్ల నిండు వెడల్పుతో, ఏమీ ఎరుగనట్లు కూర్చొనియుండెను.

నాలుగు యాభై ఏడుకు పంపెను. అయిదింటికి ఒక నిమిషముండగా జవాబు వచ్చెను: ‘వెడల్పులు సరిపోయినవి. సంచికలో వేయుచున్నాము.’

“పిన్నీ, సరిపోయాయంట!” అని ఆమె కేకవేయగా పొరుగువారు కిటికీలు తెరిచిరి. సరిపోయినవి, లోకులారా, సరిపోయినవి! ఎత్తులు మాత్రము ఆరును ఆరు విధములుగా నుండెను. వాటి ఊసు ఎవరును ఎత్తలేదు గనుక విజయము సంపూర్ణము.