ఫుట్‌నోట్‌లో ఉన్నవాళ్లు

అనువాద యంత్రానికి ఫిల్టర్ అమర్చిన సోమవారం నుంచి, ఆ పునరావాస కార్యాలయంలో ఫుట్‌నోట్లలో ఉన్న మనుషుల మాటలు వినిపించడం మానేశాయి. మనుషులు కనిపిస్తూనే ఉన్నారు. పెదవులు కదిలేవి, శబ్దం మాత్రం వచ్చేది కాదు. ఫ్యాన్లు ఎప్పటిలాగే కిర్రుమంటూ తిరుగుతుండడంతో మొదటి రెండు రోజులూ ఎవరూ గమనించలేదు.

రిజర్వాయర్ కింద మునిగే ఊరి సర్వే రిపోర్టును తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మార్చి, పుస్తకంగా అచ్చువేయాలి. ఆ ఫైలు నిండా అచ్చు పనికి సంబంధించిన గుర్తులే: ఇక్కడ లావు అక్షరం, ఇక్కడ కొత్త పేజీ, ఇక్కడ ఫుట్‌నోట్. ఏది గుర్తో, ఏది మనిషి చదవాల్సిన మాటో యంత్రానికి ఫిల్టరే చెప్పాలి. ఆపరేటర్ శేషఫణి సెట్టింగులు తెరిచాడు. 'ఫుట్‌నోట్లను వదిలేయాలా?' అని అడిగితే టిక్కు పెట్టాడు. అవి ఎవరు చదువుతారులే అనుకున్నాడు పాపం.

అయితే ఆ ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. పట్టికలో పట్టా ఉన్నవాళ్లకే గళ్లున్నాయి. చెరువు గట్టున గుడిసెలు వేసుకున్నవాళ్లకు గడి లేదు కనుక, సర్వేయర్లు జాలిపడి వాళ్లను ఫుట్‌నోట్లలో రాసేవారు. అలా నలభై రెండు కుటుంబాలు పేజీ అడుగున గీత కిందికి చేరాయి.

గురువారం ఆ గుడిసెల్లోంచి అప్పలనరసమ్మ వచ్చింది. అభ్యంతరాలకు ఆ సాయంత్రం అయిదు వరకే గడువు. ఆ తర్వాత జాబితాలో లేనివాళ్లకు కొత్త కాలనీలో ఇల్లు రాదు. ఆమె శేషఫణి బల్ల ముందు నిలబడి చాలాసేపు మాట్లాడింది. అతనికి ఒక్క ముక్కా వినిపించలేదు. ఏమీ తోచక ఆమెను వరండాలోకి తీసుకెళ్లాడు. గడప దాటగానే గొంతు వచ్చింది.

"...ముగ్గురు పిల్లల్తో ఎక్కడికెల్లాల బాబూ? నా పేరు నేదంట గదా."

"ఉందమ్మా. కింద ఉంది."

"కిందుంటే ఇల్లిస్తారా?"

అతను లోపలికి వెళ్లి, ఆమె అన్నదంతా సూపరింటెండెంట్ మార్కండేయులు గారికి చెప్పబోయాడు. ఆమె మాటలు కనుక అవీ వినిపించలేదు. తన నోరు ఆడుతోందని తెలుస్తోంది, తనకే వినబడటం లేదు. సోమవారం తను పెట్టిన టిక్కు గుర్తొచ్చింది.

"ఏమయ్యా, ఊరికే నోరాడిస్తున్నావు?" అన్నారు మార్కండేయులు.

"ఫిల్టర్ మార్చాలి సార్."

"మార్చు. కానీ ఎవరో ఒకరు అడిగినట్టు ఉండాలి. లేకపోతే రేపు ఆడిట్లో నా పీకల మీదికొస్తుంది."

టిక్కు తీయబోతే యంత్రం కూడా అదే అడిగింది: 'మార్పు కోరినవారి పేరు?' అప్పలనరసమ్మ అని కొట్టాడు. గడి ఖాళీగానే ఉంది. కళ్లు నులుముకుని ఒక్కో అక్షరమే మళ్లీ కొట్టాడు. ఖాళీగానే ఉంది. నాలుగున్నరయింది. విసుగొచ్చి తన పేరు కొట్టాడు. వెంటనే పడింది. కింద ఇంకో ప్రశ్న వచ్చింది: 'ఫుట్‌నోట్ల తరఫున అడిగేవారిని ఫుట్‌నోట్లలో చేర్చడం రివాజు. సమ్మతమేనా?'

కిటికీలోంచి అప్పలనరసమ్మ అతని వైపే చూస్తోంది. శేషఫణి ఆలోచించాడు. రేపు హాజరు పిలిస్తే తను పలికినా ఎవరికీ వినపడదు. పదోన్నతి జాబితా కూడా వచ్చే నెలలోనే ఉంది. అతనికి సిగ్గేసింది. అయినా పేరు చెరిపేశాడు.

అయిదుకు పావుగంట ముందు మార్కండేయులు గారు హాలు తలుపులు తీయించి, అభ్యంతరాలుంటే చెప్పమన్నారు. నలభై రెండు కుటుంబాలవాళ్లూ లోపలికొచ్చి చెప్పారు. అప్పలనరసమ్మ చంకలో పిల్లనెత్తుకుని అందరికంటే ఎక్కువసేపు చెప్పింది. ఆయన ఓపికగా పావుగంటా ఆగి, 'అభ్యంతరాలు లేవు' అని రాయించారు.

వాళ్లు వెళ్లిపోయాక, ఇన్ని ఊళ్లు ముంచాం గానీ ఇంత ప్రశాంతంగా జరిగిన విచారణ ఇదేనన్నారాయన. గుమాస్తాలు అవునన్నారు.

"అవును సార్," అన్నాడు శేషఫణి కూడా.

అతని మాట అందరికీ స్పష్టంగా వినిపించింది.