పిల్లి పద్దులో సగం కోత

"దేశం పొదుపు చేయాలంటే ముందు నా ఇంట్లో పిల్లి పొదుపు చేయాలి" అని ఆర్థికమంత్రిగారు ప్రకటించినప్పుడు నేను వింటూనే ఉన్నాను. వినక తప్పదు. వారింటికీ మా ఇంటికీ మధ్య ఉన్నది ఒకే గోడ. వారు ప్రెస్‌మీట్ పెడితే మా వంటింట్లోకి వినిపిస్తుంది. మా ఆవిడ మిరపకాయలు వేయిస్తే విలేకరులు తుమ్ముతారు.

"మా పిల్లి పాలకీ, చేపముక్కలకీ అయ్యే ఖర్చులో ఇవాళ్టినుంచి సగం కోత" అన్నారు మంత్రిగారు. పట్టు దిండు మీద కూర్చోబెట్టిన పిల్లి ఆవులించింది. మర్నాడు పేపర్లలో దాని ఫొటో కింద 'త్యాగమూర్తి' అని వేశారు. నాకూ కళ్లు చెమర్చాయి. తన కంచంలో కోత పెట్టుకోవడం ఎవరైనా చేస్తారు. పిల్లి కంచంలో కోత పెట్టడానికి గుండె కావాలి.

ఆ సాయంత్రమే త్యాగమూర్తి గోడ దూకి, పిలుపు అందుకున్న వియ్యపురాలిలా వచ్చి మా వంటింట్లో కూర్చుంది.

"పాపం, ఆకలేసినట్టుంది" అంది మా ఆవిడ.

"అది పొదుపులో ఉందే. చెడగొట్టకు."

"పొదుపు ఆయన చేసుకుంటాడు. దీనికి కడుపుంది" అంటూ నా పాలగ్లాసు దాని ముందు వంచేసింది.

నీళ్ల ట్యాంకు దగ్గర పంపు తిప్పి రిటైరైన వాణ్ణి. వచ్చే పెన్షన్‌తో ఇద్దరం బతికేవాళ్లం. అప్పట్నుంచి ముగ్గురమయ్యాం.

కొన్నాళ్లకి మంత్రిగారు మళ్లీ విలేకరుల్ని పిలిచి, అందరి ముందూ పిల్లిని తక్కెడలో పెట్టారు. పిల్లి ఉన్న తట్ట దబ్బున నేలకి ఆనింది. రెండో తట్టలో రాళ్లు చాలక పీఏ తన ఫోనూ, వాచీ, చివరికి బూట్లూ పెట్టాడు. తక్కెడ చలించలేదు.

"చూశారా, సగం బడ్జెట్‌తో పిల్లి రెండింతలైంది" అన్నారు మంత్రిగారు. "ఇన్నాళ్లూ దాని ఎదుగుదలకి అడ్డుపడింది తిండే అన్నమాట."

"మరి పూర్తిగా ఆపేస్తే సార్?" అని ఒక కుర్ర విలేకరి అడిగాడు.

"అధ్యయనం చేస్తున్నాం."

ఈ 'మార్జాల మోడల్'ని ముందుగా పెన్షన్లకి వర్తింపజేశారు. ముసలాళ్లు కూడా పిల్లుల్లాగే ఇంటిపట్టున ఉంటారు, మధ్యాహ్నం పడుకుంటారు, పెద్దగా తేడా ఏమీ లేదని నిపుణులు తేల్చారట. ఆ నెల మాకు సగం పెన్షన్ వచ్చింది.

"వెళ్లి చెప్పండి, అది బలిసింది మన పాలతో అని" అంది మా ఆవిడ.

"మంత్రిగారి మనసు నొచ్చుకుంటుందేమోనే."

"మీ పొట్ట నొచ్చుకోదా?"

వెళ్లాను. పీఏ నన్ను ఎగాదిగా చూశాడు. "పక్కింటివారే కదా పెద్దాయనా, గేటు గుండా వచ్చారేం?" అన్నాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

మంత్రిగారి ముందు చేతులు కట్టుకుని చెప్పాను. "అయ్యా, మీ పిల్లి మా ఇంట్లో తింటోంది. ఆ తిండి మీ లెక్కలో కలవలేదు. అది కూడా కలిపి చూసి, మా పెన్షన్ మాకు ఇప్పించండి."

ఆయన ఎంతో వాత్సల్యంగా నవ్వారు. "తెలుసు పెద్దాయనా. రోజూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను."

"తెలిసీనా అయ్యా?"

"మన విధానమే అది. కోత పెడితే పిల్లి కూర్చుని ఏడ్చిందా? గోడ దూకింది. స్వయంకృషి అంటే అదీ. అంతెందుకు, నేను నాలుగు పార్టీల గోడలు దూకితే గానీ ఇక్కడికి రాలేదు. మీరేమో పెన్షన్ తగ్గిందని అర్జీ పట్టుకొస్తారు. మీ ఇంటికి మాత్రం గోడ లేదూ?"

"ఉందయ్యా. దానికి అవతల మీరే ఉన్నారు."

మంత్రిగారి నవ్వు ఆగింది. పీఏ వైపు చూశారు. పీఏ తల ఊపాడు.

తెల్లారేసరికి మేస్త్రీలు దిగారు. గోడ మీద మరో గోడ లేపి, పైన గాజుపెంకులు గుచ్చారు. ఖర్చు పెన్షన్ల మిగులులోంచేనని పెద్ద మేస్త్రీ గర్వంగా చెప్పాడు. వాళ్లు పని ముగించేటప్పటికి పిల్లి మా వంటింట్లో పాలు తాగుతోంది. తాగి, మూతి తుడుచుకుని, బయటికొచ్చి గోడని కింద నుంచి పైదాకా చూసింది. తర్వాత మా ఆవిడ మొహం చూసింది. ఆవిడ తన కంచం కొంచెం దాని వైపు జరిపింది.

మర్నాడు పేపరు మొదటి పేజీ నిండా ఆ వార్తే. మంత్రిగారింట పిల్లి ఖర్చు సున్నాకి చేరిందట. ఏ దేశ ఆర్థికమంత్రీ సాధించని విజయమట. పెన్షన్లపై మంత్రిగారి తాజా ప్రకటనకి లోపలి పేజీ చూడమన్నారు.

పేజీ తిప్పబోతుంటే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"ముందు ఈ ముద్ద తినండి" అంది.