తిమింగలం గొంతుకు తొంభై నాలుగు నాబ్‌లు

సంగీతకారుడికి సంగీతమంత అడ్డు మరొకటి లేదు!

ఈ మాట ఊరికే అనడం లేదు. తొమ్మిదేళ్ల అనుభవంతో అంటున్నాను. నా ఇంట్లో మాడ్యులర్ సింథసైజర్ అనే మహత్తర యంత్రం ఉంది. మామూలు కీబోర్డు కొంటే దాన్ని ఉన్నదున్నట్టు వాయించుకోవాలి. ఇది అలా కాదు. ముందు ఖాళీ పెట్టె కొనాలి. శబ్దం పుట్టించే పలక ఒకటి, దాన్ని వడకట్టే పలక ఒకటి, వణికించే పలక ఒకటి, ఇలా నచ్చిన మాడ్యూళ్లు ఏరి తెచ్చి అందులో బిగించాలి. వాటి మధ్య వైర్లు గుచ్చాలి. లోకంలో ఇలాంటివి కొన్ని వేలున్నాయి. అంటే ఏమిటి? ఈ జన్మకు ఎంపిక పూర్తి కాదు! ఇంతకన్నా వరం ఏముంటుంది?

కీబోర్డు కొన్న దౌర్భాగ్యుడి సంగతి ఆలోచించండి. సాయంత్రం ఇంటికొస్తాడు. ఎదురుగా కీబోర్డు. ఏం చేస్తాడు పాపం? వాయించాలి! వాయిస్తే తప్పులు దొర్లుతాయి. పక్కింటివాళ్లు వింటారు. ఈ తొమ్మిదేళ్లలో నా యంత్రం ఒక్క అపస్వరం పలికిందని మా జర్మనీలోని బ్రెమెన్ నగరంలో ఎవరైనా రుజువు చేయగలరా?

ఇంతటి ప్రశాంతతకు పోయిన మార్చిలో మా ఆవిడ వీబ్కె గండి కొట్టింది. వీబ్కెకు నలభై కుర్చీల బొమ్మలాట థియేటర్ ఉంది. దారి తప్పిన తిమింగలం ఒకటి సముద్రం వదిలి, మా వేజర్ నదిలో ఎదురీదుతూ ఊళ్లోకి వచ్చేస్తుంది. అదీ కొత్త ఆట.

“ఎయిలెర్ట్, తిమింగలానికి గొంతు కావాలి. నువ్వు చెయ్యి,” అంది.

“ఎలాంటి గొంతు?”

“దారి తప్పినదాని గొంతు. అంతే. నవంబరు మొదటి ఆదివారం మొదటి ఆట.”

ఎనిమిది నెలలు! నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కంప్యూటర్‌లో ఖాళీ పెట్టె బొమ్మ పెట్టుకుని, అందులో మాడ్యూళ్ల బొమ్మలు అటూ ఇటూ జరుపుకోవచ్చు. మే నెలాఖరుకు అరవై ఒక్క నమూనాలు తయారు చేశాను. నేను పాఠాలు చెప్పే బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు ఫిజిక్స్ పరీక్ష రాస్తుంటే, నేను అరవై రెండోది గీసుకున్నాను. పిల్లలు గంటలో ముగించారు. తొందరపాటు వయసు!

నమూనా ప్రకారం అన్నీ బిగించాక పెట్టెలో రెండు వేళ్ల సందు మిగిలింది. ముందరి పన్ను ఊడినట్టుంది. అలా వదిలేస్తామా? ఆ సందు పూడ్చడానికి ఒక మాడ్యూల్ కొన్నాను. అది మూడు వేళ్ల వెడల్పు. కాబట్టి పెద్ద పెట్టె కొన్నాను. ఇప్పుడు పన్నెండు వేళ్ల సందు! ఆ రోజు వంటింట్లో ఒక్కణ్ణే గంతులేశాను.

ఇక సింగారం. ఈ విద్యలో నాకు గురువు నా మిత్రుడు ట్యార్క్. “కంపెనీ ఇచ్చిన నాబ్‌లు, అదే, తిప్పే బిళ్లలు, మార్చకుండా వాడేవాడూ, కొత్త చొక్కాకి షాపు చీటీ పీక్కోకుండా తిరిగేవాడూ ఒకటేరా!” అంటాడు. మొత్తం తొంభై నాలుగు నాబ్‌లు. మీగడ రంగా, దంతపు రంగా? జూన్‌లో తెల్ల ఆస్పరాగస్ కూర తింటూ మొదలెట్టిన చర్చ, సెప్టెంబరులో ప్లమ్ పళ్ల కేకుల కాలం దాకా నడిచింది. చివరికి మీగడే గెలిచింది. వచ్చాక చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి. అయితేనేం, మనకు తేడా తెలుసు కదా!

అక్టోబరులో ఒక సాయంత్రం వీబ్కె బొమ్మ తిమింగలం తలకాయతో నా గదిలోకి వచ్చి, దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“ఏదీ, వినిపించు.”

“ఇప్పుడేనా? పెట్టె కుడి అంచుకు పియర్ చెట్టు చెక్క ఇంకా అంటించలేదు!”

వీబ్కె కాసేపు యంత్రం వైపే చూసింది. “మనం కలిసిన కొత్తలో నీ దగ్గర పాత కీబోర్డు ఉండేది. మూడు కీలు పలికేవి కావు. ఆ మూడూ తప్పించి పాటలు కట్టేవాడివి. ఎన్ని కట్టావో!”

“అప్పుడు గతిలేక కట్టానులే,” అన్నాను.

ఆమె తిమింగలం కంటికి మరో పూత వేసుకుంటూ కూర్చుంది.

మొదటి ఆట రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి తెర లేస్తుంది. నేనూ ట్యార్కూ చెరో పక్క పట్టుకుని యంత్రాన్ని థియేటర్‌కు మోశాం. రెండున్నరకు నాకు జ్ఞానోదయమైంది. వడకట్టే మాడ్యూల్ వణికించేదానికి ఎడమ పక్కన ఉంటే ఎంత అందంగా ఉంటుంది! చకచకా ఊడదీశాను. చకచకా బిగించాను. ఆ కంగారులో వెనక కరెంటు ఇచ్చే పట్టీ వైరు తిరగేసి గుచ్చాను. ఫిజిక్స్ మాస్టారిని, గమనించగలరు! స్విచ్ వేశాను. పొగ! ఆట చూడవచ్చిన పిల్లలు చప్పట్లు కొట్టారు.

తెర లేచింది. తిమింగలం నదిలోకి వచ్చింది. నోరు తెరిచింది. నిశ్శబ్దం. చేతులు రెండూ పైకెత్తి బొమ్మను పట్టుకున్న వీబ్కె నా వైపు చూసింది. ఆ చూపులో కోపముంటే బాగుండును. లేదు.

అప్పుడు వెనకనుంచి వినిపించింది. “ఊఁఊఁఊఁ...” లోతుగా, తడిగా, ఎటు పోవాలో తెలియనట్టు. థియేటరంతా చెవులు రిక్కించింది. రెండో వరసలో ఒక చిన్నపిల్ల, “అమ్మా, దాన్ని ఇంటికి పంపించెయ్యమను!” అని ఏడుపు అందుకుంది.

టికెట్లు చించే డెబ్బై ఏళ్ల పెద్దావిడ టీట్యెన్, తాను తాగి ఖాళీ చేసిన బీరు సీసా మూతి మీద ఊదుతోంది! ఆట అయ్యేదాకా తిమింగలం నోరు తెరిచినప్పుడల్లా ఊదింది.

“ఏవయ్యా మాస్టారూ, దీనికి నాబ్‌లు లేవు. ఏమీ అనుకోకు,” అంది తర్వాత.

“ఇంకా పదకొండు ఆటలున్నాయి,” అంది వీబ్కె నాతో. “ఆవిడ తలుపు దగ్గర ఉండాలి. వచ్చే ఆదివారం నుంచి ఊదేది నువ్వే.”

బాధ్యత ఒప్పుకున్నాక ఊరుకుంటానా? గురువారానికల్లా వంటింటి బల్ల మీద పదహారు సీసాలు! ఆకుపచ్చవి, గోధుమరంగువి, పొడుగు మెడవి, పొట్టి మెడవి. నీళ్లు రెండు చెంచాలా, మూడా? ట్యార్క్ పరుగున వచ్చాడు. “మెడకు తోలు తొడుగు కుట్టించాలిరా!” అన్నాడు. కాగితం తీసి మొదటి నమూనా గీశాను. ఆహా, జీవితం మళ్లీ చిగురించింది!

శనివారం పొద్దున వీబ్కె గోనెసంచి తెచ్చి, ఒక్కటి వదిలి పదిహేను సీసాలూ అందులో వేసుకుంది. సరాసరి షాపుకెళ్లి, ఖాళీ సీసాలు వాపసు తీసుకునే మెషిన్ నోట్లో ఒక్కొక్కటే తోసేసి వచ్చింది.

“ఇదే నీ సీసా,” అంది బల్ల మీద మిగిలినదాన్ని చూపించి.

“కానీ వీబ్కె, ఆ ఆకుపచ్చది...”

“పోయింది.”

ఆదివారం తెర వెనక కూర్చున్నాను. చేతిలో ఒకే ఒక సీసా. నాబ్ లేదు, వైరు లేదు, జరపడానికి సందు లేదు. తిమింగలం నోరు తెరిచింది. ఊదాను. ఉత్త గాలి, కాస్త ఉమ్ము. మళ్లీ ఊదాను. ఈసారి పలికింది! వీబ్కె చేతుల్లో తిమింగలం గిర్రున తిరిగి, ఆ చప్పుడు ఎక్కడిదా అని నన్నే వెతుక్కుంటూ వచ్చింది. బొమ్మ వెనక వీబ్కె నవ్వుతోంది. ఆమెతో కలిసి ఏదైనా వాయించి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టబోయి, ఊపిరి చాలక మానేశాను.

అందుకే పాఠకులారా, మొత్తుకుంటున్నాను. ఎంచుకోవడానికి ఎప్పుడూ ఏదో ఒకటి మిగుల్చుకోండి! అదీ లేకపోతే మనిషి సంగీతం చేయాల్సి వస్తుంది. ఒక్కసారి చేశాడంటే, ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదో తనకు తానే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.