వరప్రసాదరావు మూగనోము

ఆ రెండో శనివారం వరప్రసాదరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటి దాకా నోరు తెరవకూడదు, పదిన్నరకి నందిగామ బస్సెక్కాలి, పన్నెండింటికి ఎడ్ల బండలాగుడు పోటీల్లో వ్యాఖ్యానానికి మైకు పట్టుకోవాలి. జగ్గయ్యపేటలో ఇరవై రెండేళ్ళుగా సాంఘికశాస్త్రం చెబుతున్న ఈ మేస్టారికి జీవితంలో తీరని కోరిక అదొక్కటే. పానిపట్టు యుద్ధాన్ని కూడా ఆయన ఎడ్ల పందెంలాగే చెబుతాడు. బాబరు ఎన్ని అడుగులు లాగాడో పరీక్షలో రాసొచ్చిన పిల్లలున్నారు.

ఇన్నాళ్ళకి పోటీల కమిటీ కార్యదర్శి, లారీల జిలానీ కరుణించాడు. "ఒక్క ఛాన్స్ ఇస్తున్నా మేస్టారూ. బాగా చెప్పారా, ప్రతి ఏడూ మీరే. తేడా వచ్చిందా, పెనుగంచిప్రోలు డేవిడ్‌రాజు రెడీగా ఉన్నాడు" అన్నాడు.

అంచేత తెల్లారి లేచిన దగ్గర్నుంచీ గొంతుకి రాజోపచారాలు జరుగుతున్నాయి. మిరియాల కషాయం అయింది. మెడకి మఫ్లరు, బుగ్గన కరక్కాయ ముక్క. భార్య జాయిస్‌తో కూడా సైగలే. పాతికేళ్ళ కాపురంలో ఇంత ప్రశాంతమైన ఉదయం ఎరగనని ఆవిడ మురిసిపోయింది.

చెల్లెలింటికి బయల్దేరుతూ మాత్రం గుమ్మంలో ఆగి, "చందాల వాళ్ళొస్తే గేటు దగ్గర్నుంచే పంపెయ్యండి. మొన్న మనం ఎక్కని బస్సుకి, మనం చూడని ఊళ్ళో షెల్టరుకి రేకులు కొనిచ్చారు. మీ మొహమాటం మన కొంప ముంచేట్టుంది" అంది.

మేస్టారు బుద్ధిగా తలూపాడు. కాని 'లేదు' అనే రెండక్షరాల మాట ఆయన నోట ఏనాడూ పలకలేదు. ఆవిడ వెళ్ళి పది నిమిషాలు కాకముందే గేటు చప్పుడైంది. బయట నెత్తిన లౌడ్‌స్పీకరు కట్టిన ఆటో ఆగి ఉంది. గుమ్మంలో భుజాన సంచీ వేసుకున్న పెద్దమనిషి ఒకాయన నిలబడ్డాడు.

"నమస్తే సార్. నా పేరు శాంతయ్యండి. పిల్లల బడి కోసం సాయం అడగడానికొచ్చానండి."

నోరు తెరిస్తే కరక్కాయ వృథా. తెరిచినా 'లేదు' రాదు. ఈ రెండు కష్టాల నడుమ మేస్టారికి మెరుపులాంటి ఆలోచన తట్టింది. నోటికేసి వేలు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాడు.

"అయ్యో, మాట రాదాండీ?"

రాదని తలూపాడు.

"చెవులు కూడా వినపడవా?"

ఎలాగూ దిగాక పిసినారితనం ఎందుకని, అవీ వినపడవని మరింత గట్టిగా తలూపాడు.

శాంతయ్య ముఖం వెలిగిపోయింది. "ప్రభువా, నీకు స్తోత్రం! మాది మాట రాని, వినపడని పిల్లల బడేనండీ!" అంటూ రెండు చేతులతోనూ గబగబా సైగలు మొదలుపెట్టాడు. మేస్టారు కరక్కాయ మింగేశాడు.

ఇక తప్పక తనకి తోచిన సైగలు తనూ చేశాడు. శాంతయ్య కళ్ళు చిట్లించి, "మీ అత్తగారిని గేదె పొడిచిందంటున్నారా?" అని తనలో తానే గొణుక్కున్నాడు. చచ్చినట్టు దానికీ తలూపాల్సి వచ్చింది.

సరిగ్గా అప్పుడే బల్ల మీద ఫోను మోగింది. మేస్టారు ఒక్క ఉదుటున అందుకున్నాడు. జిలానీ! ఎత్తాడు గాని మాట్లాడటం ఎలా? ఫోను చెవి దగ్గర పెట్టుకుని చేప పిల్లలా నోరు ఆడిస్తుంటే, శాంతయ్య జాలిగా చెయ్యి చాచి దాన్ని అందుకున్నాడు.

"హలో! ఆఁ, మేస్టారిల్లేనండి. ఆయన మాట్లాడే స్థితిలో లేరండీ. లేదండీ, ఒక్క ముక్క కూడా రావట్లేదు. నేను పక్కనే ఉన్నా."

"మాట పడిపోయిందా? యా అల్లా!" అని అవతల జిలానీ పెట్టిన కేక హాలంతా వినిపించింది. "ఆయన్ని రెస్ట్ తీసుకోమనండి. డేవిడ్‌రాజుకి ఇప్పుడే ఫోన్ కొడతా!"

వినపడని ఆ చెవుల్తో మేస్టారు ప్రతి అక్షరం విన్నాడు. మెసేజ్ పెడదామంటే జిలానీ చదివే రకం కాదు, వాయిస్ మెసేజ్‌లు తప్ప ముట్టుకోడు. పోనీ నిజం చెప్పేద్దామంటే, తన చేతులు పట్టుకుని ఆప్యాయంగా నవ్వుతున్న ఈ మనిషికి ఏ ముఖం పెట్టుకుని చెప్పడం? సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

"నందిగామ ఎడ్ల పోటీల దగ్గర హుండీ తిప్పడానికి వెళ్తున్నామండీ. మీరు పక్కన కూర్చుంటే మాకు కొండంత బలం. రండి సార్" అని శాంతయ్య రెక్క పుచ్చుకున్నాడు.

బస్సైనా ఆటో అయినా నందిగామ నందిగామే కదా! దిగగానే వేదిక దగ్గరికి పరిగెత్తి జిలానీ చెవిలో అరిస్తే సరి. మేస్టారు ఇంటికి తాళం వేసి ఆటో ఎక్కేశాడు.

చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర శాంతయ్య మైకందుకున్నాడు. "అమ్మలారా, అయ్యలారా! ఈ జగ్గయ్యపేట మేస్టారు పొద్దుట్నుంచీ ఒక్క మాట మాట్లాడకుండా మా పిల్లల కోసం మాతో వస్తున్నారు! మీరూ ఒక చెయ్యి వెయ్యండి!"

లారీ డ్రైవర్లు చేతులు వేశారు. జామకాయల అవ్వ వేసింది. టోల్ బూత్‌లోంచి రూబీ అనే పాత విద్యార్థిని పరిగెత్తుకొచ్చింది.

"సార్, మీరా! బెల్లు కొట్టినా పాఠం ఆపేవారు కాదు. అలాంటి మీరు పిల్లల కోసం నోరు కట్టేసుకున్నారా!" అని కళ్ళు తుడుచుకుని, హుండీలో నోటు వేసి, ఫొటో కూడా తీసుకుంది.

అంబారుపేట చేరేసరికి ఆ ఫొటో ఆయన కంటే ముందు ఊళ్ళన్నీ తిరిగేసింది. ఫోను టింగు టింగుమంటూనే ఉంది. మీ త్యాగానికి జోహార్లని తోటి మేస్టర్లు. సోమవారం అసెంబ్లీలో శాలువా కప్పుతామని హెడ్‌మాస్టరు. చివర్లో జాయిస్: 'గేటు దగ్గర్నుంచే పంపమన్నానా, ఆటోలో మీరెందుకున్నారు?'

నందిగామ మైదానం జనంతో కిక్కిరిసి ఉంది. ఆటో బరి చుట్టూ కట్టిన తాడు దాకా వెళ్ళి ఇరుక్కుపోయింది. వేదిక అవతలి వైపు, మధ్యలో ఎడ్లు. దాటే దారి లేదు. గరికపాడు ఆదెమ్మ గారి జత అప్పటికే బండ లాగుతోంది. డేవిడ్‌రాజు మైకులో రైల్వే స్టేషను ప్రకటన చేస్తున్నట్టు చెబుతున్నాడు.

"ఎడ్లు ముందుకు వెళ్తున్నాయి. ఇంకా ముందుకు వెళ్తున్నాయి. ఆగాయి. మళ్ళీ వెళ్తున్నాయి."

మేస్టారి నరాలు తెగిపోతున్నాయి. పిడికిళ్ళు బిగించాడు. మఫ్లరు కొరికాడు. నిరుటి రికార్డుకి ఇంకా ఇరవై అడుగులున్నాయనగా కుడిపక్క ఎద్దు మోకాళ్ళ మీద కూలబడింది. మైదానమంతా హా అంది. "ఒక ఎద్దు కూర్చున్నది" అన్నాడు డేవిడ్‌రాజు.

అంతే! వరప్రసాదరావు శాంతయ్య చేతిలోని మైకు లాక్కుని ఆటో సీటు మీదికెక్కాడు.

"కూర్చోలేదయ్యా, కూర్చోలేదు! దమ్ము తీసుకుంటున్నాడు! అదిగో లేచాడు మచ్చలోడు! ఎడంపక్క తెల్లోడు మెడ వంచి, రారా తమ్ముడూ నేనున్నానన్నాడు! కదిలింది బండ! లేచింది దుమ్ము! ఆదెమ్మగారూ, కళ్ళు మూసుకోకండమ్మా, మీ బిడ్డలు చరిత్ర లాగుతున్నారు! పది అడుగులు! అయిదు! లాగు నాయనా! లాగు నా తండ్రీ! దాటేశారూ!"

జనం గాల్లోకి లేచారు. తువ్వాళ్ళు ఎగిరాయి. ఆదెమ్మ ఎద్దుల మెడలు కావిలించుకుని ఏడ్చింది. మేస్టారూ ఏడ్చాడు, మైకులోనే. వేదిక మీద జిలానీ డేవిడ్‌రాజు మైకు కట్టేయించి, మీరే కానియ్యమని రెండు చేతులూ ఊపాడు. మిగిలిన నాలుగు జతలకీ వ్యాఖ్యానం ఆ ఆటోలోంచే సాగింది. పిల్లల కోసం మౌనం పట్టిన మేస్టారు ఎద్దు కోసం నోరు విప్పాడని జనం మరీ మరీ చెప్పుకున్నారు. ఆ ఊపులో శాంతయ్య హుండీ మైదానాన్ని మూడు చుట్లు చుట్టొచ్చింది.

పోటీలు ముగిశాక జిలానీ వచ్చి, "మాట పడిపోతేనే ఇలా చెప్పారు, బాగుంటే ఏం చేసేవారు మేస్టారూ! ఇక ప్రతి ఏడూ మీరే" అని కావిలించుకుని వెళ్ళాడు. కోరిక తీరింది. కాని మేస్టారి మనసు కుదురుగా లేదు. సోడా బండి దగ్గర శాంతయ్యని పక్కకి పిలిచాడు.

"శాంతయ్య గారూ, నన్ను క్షమించాలి. నేను పొద్దున కూడా మూగవాణ్ణి కాదు."

"తెలుసండీ" అన్నాడు శాంతయ్య సోడా తాగుతూ.

"ఎప్పట్నుంచి?"

"మీ గుమ్మంలోనేనండి. ఇరవయ్యేళ్ళుగా తిరుగుతున్నా. వీధికి ముగ్గురు మూగవాళ్ళు తగుల్తారు. నలుగురు కిటికీలోంచి చూస్తూనే ఊళ్ళో లేమంటారు. ఎవరినీ తప్పు పట్టనండీ. కాకపోతే పిలవగానే ఆటో ఎక్కింది మాత్రం మీరొక్కరే."

"మరి ఫోన్లో జిలానీకి అలా..."

"అబద్ధం ఆడానా సార్? మీరు మాట్లాడే స్థితిలో ఉన్నారా?"

మేస్టారు జేబులో చెయ్యి పెట్టబోతే శాంతయ్య ఒప్పుకోలేదు. మీ వంతు ఇచ్చేశారంటూ సంచీలోంచి రసీదు పుస్తకం తీసి, రాసి, చించి చేతిలో పెట్టాడు. తిరుగు బస్సులో వరప్రసాదరావు దాన్ని విప్పి చూసుకున్నాడు. దాత పేరు, ఊరు సరిగ్గానే ఉన్నాయి. మొత్తం అని ఉన్నచోట మాత్రం 'గొంతు, ఒక పూట; మిగతాది బడి వార్షికోత్సవానికి' అని రాసి ఉంది.