ఎడమకాలి చిటికెన వేలు

వ్రాయనిది జరగనట్లేనన్న నమ్మకం ఆసుపత్రులలో బలంగా ఉంది. దాని విపర్యయం, అంటే పూర్తిగా వ్రాస్తే అంతా సవ్యంగా జరుగుతుందన్నది, మేడ్చల్ సమీపంలోని ఒక బోధనాసుపత్రిలో ఆరు రోజులపాటు పరీక్షకు నిలిచింది.

సోమవారం ఉదయం హౌస్‌సర్జన్ అశ్రిత ముందున్న పని చిన్నది. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ముత్తయ్యకు చక్కెర జబ్బు. ఎడమకాలి చిటికెన వేలు నల్లబడింది. బుధవారంలోగా తీసేస్తే పాదం దక్కుతుంది. అందుకు బీమా సంస్థ అనుమతి కావాలి. "కాలికి పుండు" అని ఒక్క ముక్క వ్రాసినందుకు కిందటి నెల ఆమె చూసిన కేసు బిల్లు తిరిగివచ్చింది. బిల్లుల విభాగం చూసే డాక్టర్ జానకిరామయ్య శిక్షణలో ఉన్నవారందరినీ కూర్చోబెట్టి, ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నవి రోగి మాటల్లోనే వ్రాయాలని పాఠం చెప్పాడు.

"ఎట్ల తగిలింది, తాతా?"

"వల గుంజుతుంటే జెల్ల ముల్లు గుచ్చింది బిడ్డా. రాస్కో, మంచిగ రాస్కో."

అశ్రిత చేప జాతితో సహా వ్రాసింది. మంగళవారం జవాబు వచ్చింది: ఇది వృత్తిలో తగిలిన గాయం, మత్స్యకారుల సంఘం బీమాయే చెల్లించాలి.

ముత్తయ్య భార్య యాదవ్వ శామీర్‌పేట వెళ్లి, సంఘం అధ్యక్షుడు బక్కయ్యను అడిగి వచ్చింది.

"కాలు పోతెనే పైసలిస్తరంట. వేలుకియ్యరంట. గీ ముసలోనికి ముల్లు గుచ్చిచ్చుకునుడు సుత సక్కగ రాదు."

బుధవారం ముత్తయ్య మాట మార్చాడు. "ఇంట్ల కడప తాకింది బిడ్డా."

"మొన్న ముల్లన్నవు గద?"

"ముల్లు పోయిన సాలుది," అంది యాదవ్వ. "గాయిన యాది గంతే."

అశ్రిత శిక్షణను మీరలేదు. రెండు మాటలనూ, చెబుతున్నప్పుడు రోగి ఎవరి వైపు చూశాడన్నదీ వ్రాసింది. గురువారం జవాబు వచ్చింది: కథనాలు పరస్పర విరుద్ధం, విచారణ పూర్తయ్యేవరకు వేలు తీయరాదు. అప్పటికి నలుపు పాదం మీదికి ఎక్కింది.

"ముందు తీసేద్దాం సార్," అంది అశ్రిత.

"తీస్తే బిల్లు ఎవరి పేర వేయాలమ్మా?" అన్నాడు జానకిరామయ్య. "నువ్వు రాస్తూ ఉండు. నీ నోట్స్ ఇప్పుడిప్పుడే దారికొస్తున్నాయి."

ఆమె నాలుగు గంటలకొకసారి నలుపును స్కేలుతో కొలిచి వ్రాసింది. శుక్రవారం విచారణాధికారి విశ్వతేజ వచ్చి, ఫైలంతా చదివి, మెచ్చుకొని, ఇంటి గడప ఎత్తు ఎంతో ఎక్కడా వ్రాయలేదని గుర్తించాడు.

"కొల్సుకొస్త," అంది యాదవ్వ చెప్పులు వేసుకుంటూ. "లేకుంటె పీకి గీడికే తెమ్మంటవా సారూ?"

శనివారం విషం రక్తంలోకి పాకింది. అనుమతి అక్కరలేని అత్యవసర శస్త్రచికిత్సలో ముత్తయ్య ఎడమకాలిని మోకాలి కింద తీసేశారు.

తెలివి వచ్చాక అతడు అడిగాడు: "ఇగ పైసలొస్తయా?"

"మస్తుగొస్తయ్," అంది యాదవ్వ. "నువ్వు పండుకో."

కాలు పోయింది కనుక సంఘం బీమా వర్తించింది. ముల్లు నుంచి మోకాలి వరకు ఒక్క పూట ఖాళీ లేని ఆ ఫైలును చూసి వారు ఒక్క ప్రశ్నా వేయలేదు. వేలికి అయ్యేదానికి తొమ్మిది రెట్ల బిల్లు ఆసుపత్రికి అందింది. జానకిరామయ్య ఫైలు నకళ్లను కొత్త హౌస్‌సర్జన్లకు మాదిరిగా పంచాడు.

చిటికెన వేలు తీయడానికి అనుమతి తరువాతి మంగళవారం వచ్చింది.